రోబో బొమ్మల సినిమాలన్నీ పిల్లలవేనా సార్?

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులు ఇచ్చిన వారం మీ ఆదివారం సంచిక పిల్లల పేజీలో, ఇంట్లో కూర్చుని చూడదగ్గ కార్టూన్లు అని ఒక జాబితా వేశారు. ఛోటా భీమ్‌కి రెండు లైన్ల కింద 'లవ్, డెత్ అండ్ రోబోట్స్' ఉంది. ఆ జాబితా రాసినవాళ్లెవరో గానీ అందులో ఒక్క కథ కూడా చూసి ఉండరని ఒట్టేసి చెప్పగలను. పేరులో రోబో ఉంది, బొమ్మలు రంగురంగులుగా ఉన్నాయి, ఇక పిల్లకాయలదే అనుకుని పడేసినట్టున్నారు. పేరులో చావు కూడా ఉంది కదండీ, అదన్నా కనపడలేదా? 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదటి సీజన్‌గా 18 చిన్న చిత్రాలు వచ్చాయి. నెత్తురు, బూతులు, బట్టల్లేని దృశ్యాలు అన్నీ ఉంటాయి, పెద్దలకు మాత్రమే అని వాళ్లే గుర్తు కూడా వేసి పెట్టారు. మా మరదలు మీ పేపరు మీద నమ్మకంతో పిల్లకాయలకు అది పెట్టిచ్చి వంటింట్లోకి పోయింది. తర్వాత ఏం జరిగిందో రాయను. పెద్దోడు అడిగిన ప్రశ్నలకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు, అంతవరకే చెబుతా.

సవరణ వేయించుకోవడానికైతే ఒక పోస్టుకార్డు చాలు. నా కోపం ఇంకో దాని మీద. పెద్దవాళ్ల కోసం, పెద్దవాళ్ల బాధల గురించి తీసిన రోబో కథలు, ఏఐ కథలు ముప్పై ఏళ్లుగా బొమ్మల్లో వస్తూనే ఉన్నాయి, మామూలు సినిమాల కంటే ఒక మెట్టు పైనే ఉన్నాయని నా అభిప్రాయం, అయినా వాటి గురించి మన తెలుగు పేపర్లు సినిమా పేజీలో నాలుగు లైన్లు రాయవు. రాస్తే పిల్లల పేజీలో, లేకపోతే అసలు లేదు. అదే రోబో వేషం రజనీకాంత్ కడితే 2010లో ఎగబడి రాశారు. ఆ సినిమా చివర కోర్టు చెప్పిందని చిట్టి తన ఒళ్లు తానే విప్పేసుకుంటుంటే నా పక్క సీట్లో పెద్దామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అదే సీను గీసిన బొమ్మలతో తీసి ఉంటే ఆమె హాలుకే వచ్చేది కాదు, మనవణ్ణి పంపించేది.

నేను ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలు చేసుకునే మనిషిని. రొయ్యల రైతుకు జపాన్ బొమ్మల సినిమాలతో ఏం పని అని మీకు అనిపించొచ్చు. రాత్రి కాపలా అండీ. గుంటలో నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రయితే అది కూడా పీల్చుకునేదే, అందుకని తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైంలో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటర్ వెయ్యడంలో ఆలస్యమైతే పెట్టుబడి మొత్తం పొద్దున్నే నీళ్ల మీద తేలుతూ కనపడుతుంది. కాబట్టి గట్టు మీద షెడ్డులో ఒకరు మేలుకుని ఉండాల్సిందే, మేలుకోవాలంటే ఫోన్ ఉండాల్సిందే. అందరి మాదిరే నేనూ రీల్స్ చూసేవాణ్ణి. చదువుకునే మా అన్న కొడుకు ఒకడు, ఎప్పుడూ ఆ చెత్తేనా, ఇవి చూడు బాబాయ్ అని నాలుగు పేర్లు ఫోన్‌లో పెట్టిచ్చాడు, అప్పట్నుంచి ఇదే పిచ్చి. ఇంగ్లీషు మాట సగమే అర్థమవుతుంది, కింద వచ్చే అక్షరాలు ఆపి ఆపి చదువుకుంటా.

ఇంకో కారణం కూడా ఉంది. గుంటల్లోకి కూడా యంత్రాలు దిగుతున్నాయి. ఆక్సిజన్ తగ్గితే ఫోన్‌కి మెసేజ్ పంపే మీటర్లు వచ్చాయి, టైం ప్రకారం మేత విసిరే ఆటో ఫీడర్లు వచ్చాయి, రొయ్య మేత కొరికే చప్పుడు నీళ్లలో విని దాని ఆకలిని బట్టి వేసే రకాలు కూడా ఉన్నాయి. ఇదివరకు అదంతా మనిషి పనే. తెప్ప మీద పోయి మేత చల్లి, చెక్ ట్రేలో కొంచెం మేత పెట్టి నీళ్లలోకి దించి, కాసేపాగి పైకి లాగి, ఎంత మిగిలిందో చూసి, ఒక రొయ్యను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకెత్తి పేగు నిండుగా ఉందా, తెగి తెగి ఉందా అని చూసి చెప్పాలి. మా దగ్గర అట్టా చూసే కుర్రోడు ఒకడున్నాడు, పెద్ద చదువేమీ లేదు, వాడు ట్రే వాసన చూసి రేపు మేత తగ్గించమంటే తగ్గించడమే, నేను ఎదురు చెప్పను. వాడి కన్నూ ముక్కూ చేసే పని మిషన్ చేస్తే వాడేం కావాలి అనేది నాకు వచ్చే పంటలోపు తేల్చుకోవాల్సిన లెక్క. ఈ లెక్క గురించి మన హీరోల సినిమాల్లో ఎవరూ మాట్లాడరు. గీసిన బొమ్మలు మాట్లాడుతున్నాయి.

మీరు పిల్లల జాబితాలో వేసిన ఆ సిరీస్‌లోనే 'జీమా బ్లూ' అని పది నిమిషాల కథ ఉంది. జీమా లోకమంతా మెచ్చిన చిత్రకారుడు. గోడలంత బొమ్మలు వేస్తాడు. ఒక బొమ్మలో మధ్యన చిన్న నీలం గడి కనపడుతుంది, తర్వాతి బొమ్మల్లో అది పెరుగుతూ పోయి చివరికి బొమ్మంతా నీలమే. ఆ నీలం ఏందో ఎవరికీ తెలీదు. ఆయన మనిషిగా పుట్టి ఒంట్లో యంత్రాలు పెట్టించుకున్నాడని జనం అనుకుంటుంటారు. ఒక విలేకరిని పిలిచి అసలు సంగతి చెబుతాడు. తాను మొదట ఈత కొలను గోడలు రుద్దే చిన్న మిషన్‌ని, ఒక అమ్మాయి తన ఇంటి కొలను కోసం చేసుకున్నది, ఆమె పోయాక చేతులు మారి, ఒక్కొక్కరు ఒక్కో భాగం తగిలిస్తూ పోతే ఇంత తెలివి వచ్చింది, ఆ నీలం ఆ కొలను పలకల రంగు. చివరి ప్రదర్శనకు ఆ పాత కొలనునే తెప్పించి, అందరూ చూస్తుండగా అందులోకి దూకి, కాళ్లూ చేతులూ ఊడిపోతుంటే, తెలివినంతా ఒక్కోటీ ఆపేసుకుంటూ, మళ్లీ పలకలు రుద్దే మిషన్ అయిపోయి రుద్దుకుంటూ పోతాడు. అయిపోయింది కథ.

దీన్ని మా చెక్ ట్రే కుర్రోడికి చూపించా. మాటలు నేనే చెబుతూ చూపించా. అంతా చూసి, "పని తెలిసినోడు అన్నా" అన్నాడు, లేచిపోయి ఏరేటర్ బెల్టు చూసుకున్నాడు. ఆ కథ కళ గురించి అని చదువుకున్నవాళ్లు అంటారేమో, వాడికి మాత్రం పని గురించే. చేతిలో పని ఉన్నప్పుడు మనిషికి ఉండే నెమ్మది, అది పోయాక ఎంత పేరొచ్చినా తీరని వెలితి, పదేళ్ల పిల్లకాయలకు ఏం తెలుస్తుంది చెప్పండి? ఆ సిరీస్‌లో అన్నీ ఇంత బాగుంటాయని మాత్రం అనను. సగానికి సగం ఊరికే నరుక్కోవడం, తల పగలగొట్టుకోవడం, పెద్దల కోసం అంటే నెత్తురు ఎక్కువ పొయ్యడమే అనుకునే దర్శకులు అక్కడా ఉన్నారు. ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి అని చెప్పాల్సింది మీ సినిమా పేజీయే కదా, అదే నేను అడిగేది.

బొమ్మలంటే పిల్లలకే అనే అలవాటు మనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. తోలుబొమ్మలాట ఎవరు చూసేవాళ్లండీ? రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి తెల్లారేదాకా ఆడేవాళ్లు, పిల్లకాయలు మొదటి ఝాముకే చాప మీద నిద్రపోయేవాళ్లు, అసలు ఆట ఆ తర్వాతే. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి మాట్లాడే మాటలు ఈరోజు మీరు పేపర్లో అచ్చెయ్యలేరు. తెర వెనక దీపం, తెర మీద కదిలే రంగు బొమ్మ, ముందు కూర్చుని కడుపుబ్బ నవ్వేది, రాముడి కష్టాలకు ఏడ్చేది పెద్దవాళ్లు. అట్టాంటి జనం మనవళ్లమై ఉండి జపాన్‌వాడు పెద్దల కోసం బొమ్మలు తీస్తే వింతగా చూస్తాం.

'ఘోస్ట్ ఇన్ ది షెల్' 1995 నాటిది. మమోరు ఓషీ దర్శకుడు. కథ జరిగేది 2029లో, అంటే ఇదిగో దగ్గర్లోనే ఉంది. మనుషుల మెదళ్లు నెట్‌కి కలిపేసి ఉంటాయి కాబట్టి ఫోన్‌లోకి దూరినట్టు మెదడులోకే దొంగలు దూరుతుంటారు. వాళ్లను పట్టుకునే దళంలో ముఖ్యురాలు మేజర్ కుసనాగి, ఆమె మెదడు మనిషిది, ఒళ్లంతా కంపెనీ చేసిన యంత్రం. ఈ కథలో అందరూ ఆమె గురించే రాస్తారు. నాకు గుర్తుండిపోయింది చెత్త లారీ డ్రైవర్. వాడు తోటివాడితో చెబుతుంటాడు, పెళ్లాం విడాకులు అడుగుతోంది, కూతుర్ని చూడనివ్వట్లేదు, ఆమె మనసులో ఏముందో చూడటానికి ఒక పుణ్యాత్ముడు నాకు దారి చెప్పాడు అని. దారిలో టెలిఫోన్ బూత్ కనపడినప్పుడల్లా లారీ ఆపి ఆ పని చేస్తుంటాడు. నిజానికి వాడి చేత ఇంకెవరో ఇంకెవరి మెదడులోకో దూరే పని చేయిస్తున్నారు. పోలీసులు పట్టుకుని కూర్చోబెట్టి చెబుతారు, నీకు పెళ్లే కాలేదయ్యా, పదేళ్లుగా ఒంటరిగా ఒకే గదిలో ఉంటున్నావు, భార్య, కూతురు అనే జ్ఞాపకాలు నీ తలలో ఎవరో పెట్టినవి అని. కూతురి ఫొటో అని వాడు అందరికీ చూపించింది చూస్తే అందులో ఉన్నది వాడు, ఒక కుక్క. ఆ దొంగ జ్ఞాపకాలు తీసేసే వీలుందా అని అడుగుతాడు. పూర్తిగా తీయలేం అంటారు. వాడు మాట్లాడడు, అట్టా కూర్చుండిపోతాడు, కెమెరా వాడి ముఖం మీదే ఉంటుంది.

1995లో అది ఊహ. ఇప్పుడు వీడియో కాల్‌లో పోలీసు యూనిఫారం వేసుకున్నవాడు కనపడి, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, ఫోన్ కట్ చేస్తే జైలే అంటే రిటైరైన టీచర్లు, డాక్టర్లు కూడా గది తలుపులు వేసుకుని డబ్బులు పంపించేస్తున్నారు. కొడుకు గొంతు అచ్చు దించి ఫోన్ చేస్తున్నారు. మోసపోయాక 1930 నంబర్‌కి చెయ్యండి అని మీరు బాక్సు కట్టి వేస్తారు, మంచిదే, వేయాలి. కానీ మోసపోయినవాడి అవమానం ఎట్టా ఉంటుందో, తన కళ్లను తాను నమ్మలేని స్థితి ఎట్టా ఉంటుందో ఆ లారీ డ్రైవర్ ముఖంలో ఉన్నంత స్పష్టంగా నేను ఏ వార్తలోనూ చదవలేదు.

ఇక 'ప్లూటో' గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఓపిక పట్టండి. జపాన్‌లో ఒసాము తెజుకా అని ఒకాయన ఉండేవాడు, వైద్యం చదివి డాక్టర్ పట్టా పుచ్చుకుని బొమ్మలు గీసుకుంటూ బతికాడు. ఆయన చేసిన రోబో కుర్రాడు ఆస్ట్రో బాయ్, 1963 జనవరి 1న టీవీలోకి వచ్చాడు. పిల్లల బొమ్మే అది, కానీ కథ వినండి. ఒక శాస్త్రవేత్త కొడుకు ప్రమాదంలో చనిపోతే, ఆ దుఃఖం ఆపుకోలేక అచ్చం కొడుకులాంటి రోబోను చేసుకుంటాడు, తీరా అది ఎదగడం లేదని, కొడుకు స్థానంలోకి రాలేదని, సర్కస్‌కి అమ్మేస్తాడు. ఆ తండ్రి మీద మీకు కోపం వస్తుందో జాలి వేస్తుందో చెప్పండి.

ఆ కథల్లో ఒకదాన్ని, 1964 నాటిదాన్ని, నావోకి ఉరసావా అనే ఇంకో బొమ్మల రచయిత 2003లో తీసుకుని పెద్దల కథగా తిరగరాశాడు. 2023లో అది ఎనిమిది భాగాల సిరీస్‌గా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. లోకంలో అన్నింటికంటే బలమైన ఏడు రోబోలను ఎవరో ఒక్కోదాన్నీ చంపుతుంటారు, దర్యాప్తు చేసే డిటెక్టివ్ కూడా రోబోయే, తర్వాత చావాల్సిన జాబితాలో తనూ ఉన్నాడు. దీని వెనక ఒక యుద్ధం ఉంది. ఫలానా దేశంలో మహా విధ్వంసం చేసే రోబోలు దాచారు అని వెతకడానికి ఒక బృందాన్ని పంపుతారు, వాళ్లకు ఏమీ దొరకదు, అయినా దాడి చేస్తారు. 2003లో ఇరాక్ మీద ఏ సాకుతో యుద్ధం చేశారో మీ పేపర్లోనే చదివాం కాబట్టి ఇది ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన రోబోలకు రాత్రిపూట పీడకలలు.

మొదటి భాగంలోనే నార్త్ నంబర్ టూ అనే రోబో ఉంటుంది. యుద్ధంలో లెక్కలేనన్ని రోబోలను పగలగొట్టినవాడు, ఇప్పుడు స్కాట్లాండ్‌లో ఒక గుడ్డి సంగీత విద్వాంసుడి ఇంట్లో వంటా వార్పూ చూసే నౌకరు. ఒంటి నిండా ఆయుధాలు, వాటిని కప్పుకోవడానికి పెద్ద ముసుగు కోటు. వీడికి పియానో నేర్చుకోవాలని ఉంటుంది. ముసలాయన మంచి కోపిష్టి, మర మనిషికి సంగీతం ఏందిరా, నువ్వు చంపడానికి చేసిన మిషన్‌వి, పియానో ముట్టుకోవద్దు పో అని తిడతాడు. వాడు మళ్లీ వచ్చి కూర్చుంటాడు. నాకు ఇక యుద్ధానికి పోవాలని లేదు, అందుకే పియానో నేర్చుకోవాలనుంది అంటాడు. ముసలాయన చిన్నప్పుడు విన్న ఏదో పాట నిద్రలో గొణుగుతుంటాడు, మేలుకుంటే గుర్తు రాదు, దాన్ని వెతికి తెచ్చి ఇచ్చేది ఈ రోబోయే. ఇంతలో ఆకాశంలో శత్రువు వస్తాడు. నార్త్ పైకి ఎగిరిపోతాడు. ముసలాయనకు కళ్లు లేవు కదా, ఏం జరుగుతోందో కనపడదు, పైనుంచి పేలిన చప్పుడు, దాంట్లోంచి ఆ పాట సన్నగా వినపడుతుంది. లోపలికి రారా, పియానో నేర్పాలి నీకు, అని ఆయన ఆకాశం వైపు అరుస్తుంటాడు. గట్టు మీద ఒక్కణ్ణే కూర్చుని అది చూసి, ఏరేటర్ల హోరులో ఎవరికీ వినపడదు కదా అని బాగానే ఏడ్చా. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

'పాంథియన్' మన ఇళ్లకు ఇంకా దగ్గరిది. 2022లో వచ్చిన అమెరికా సిరీస్, కెన్ లియు అనే రచయిత కథల నుంచి తీశారు. అందులో చందా అని ఒక భారతీయ ఇంజనీరు ఉంటాడు, ముంబైలో ఉద్యోగం, మంచి పనిమంతుడు. ఆ పనితనం కోసమే వాణ్ణి ఎత్తుకుపోయి, బతికుండగానే మెదడును పొరలు పొరలుగా స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించేస్తారు. ఒళ్లు పోయింది, మనిషి లోకానికి చనిపోయాడు, మెదడు మాత్రం కంప్యూటర్ లోపల ఒక ఆఫీసులో కూర్చుని కోడ్ రాస్తూనే ఉంటుంది. జీతం లేదు, నిద్ర లేదు, ఇంటికి పోయేది లేదు. ఆ సంగతి వాడికి తెలిసే సీను చూసి రెండు రోజులు నాకు అన్నం సరిగ్గా ఎక్కలేదు.

నెల్లూరు, ఒంగోలు, కావలి, ఏ ఊరు తీసుకున్నా వీధికి ఇద్దరు పిల్లకాయలు బెంగళూరులోనో హైదరాబాదులోనో డల్లాస్‌లోనో కోడ్ రాస్తున్నారు. పండగకు వచ్చి కూడా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అమెరికా టైంకి మీటింగుల్లో కూర్చుంటారు, అమ్మ అరిసెలు తెచ్చి పక్కన పెడితే తల ఎత్తకుండా తింటారు. వాళ్లు చేసిన పని చూసి నేర్చుకున్న ఏఐ వచ్చి, రేపు వాళ్లనే ఇంటికి పొమ్మంటుందేమో అని టెన్షన్ వాళ్లకూ ఉంది, లోన్ కట్టే అమ్మానాన్నలకూ ఉంది. మనిషి పోయినా పని మాత్రం కంపెనీకి మిగలాలి అనే ఆలోచనను చందా కథ దాని చివరిదాకా తీసుకుపోయి చూపిస్తుంది. ఇది రాసేటప్పుడు మన దేశపు ఇంజనీరునే ఎంచుకున్నారు చూడండి, వాళ్లకు తెలుసు ఎవరి మెదడు చవగ్గా దొరుకుతుందో.

మనవాళ్లు ఏమీ చెయ్యలేదని అనను. 1991లో 'ఆదిత్య 369' తీసి మనల్ని రాయలవారి కాలానికీ 2504కీ తిప్పుకొచ్చిన సింగీతం శ్రీనివాసరావు గారు మన నెల్లూరు జిల్లావారే, ఆయన ఘటోత్కచుడి మీద 2008లో బొమ్మల సినిమా కూడా తీశారు. 2024లో 'కల్కి'కి ముందు 'బుజ్జి అండ్ భైరవ' అని రెండు చిన్న భాగాలు బొమ్మల్లో వచ్చాయి, భైరవ కారులో ఉండి మాట్లాడే ఏఐ బుజ్జికి కీర్తి సురేష్ గొంతు, మాటలు సరదాగా ఉంటాయి. సరదా దగ్గరే ఆగిపోయింది, అదే నా బాధ. తెలివి ఉన్న ఒక బుర్రను కారులో పెట్టి ఇంకొకడి సొంతం చేస్తే దానికి ఎట్టా ఉంటుంది అనే ప్రశ్న అక్కడే కూర్చుని ఉంది, ఎవరూ పలకరించలేదు. 2025లో 'మహావతార్ నరసింహ' బొమ్మల సినిమాను తెలుగువాళ్లు కుటుంబాలతో పోయి చూశారు. కాబట్టి పెద్దవాళ్లు బొమ్మలు చూడరు అనే మాట ఇక చెల్లదు.

మనకు కథ లేదా అంటే, శ్రీహరికోటనే చూడండి. జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి వైపు పోయింది గానీ రాకెట్ వెలుగుకు జిల్లా హద్దు తెలీదు, రాత్రిపూట లేస్తే మా గట్టు మీదికి దక్షిణాన ఎర్రగా కనపడుతుంది, పనివాళ్లు తెప్ప ఆపి చూస్తారు. గగన్‌యాన్‌లో మనుషుల కంటే ముందు వ్యోమమిత్ర అనే ఆడమనిషి ఆకారం రోబోను పంపాలన్నది ఇస్రో ఆలోచన. 2020 జనవరిలో బెంగళూరులో ఆమెను చూపించారు. కాళ్లు లేవు, నడుము దాకానే ఒళ్లు, మాట్లాడుతుంది, ప్యానెల్ మీటలు నొక్కుతుంది. మనిషికి ప్రమాదం లేకుండా ముందు నువ్వు పోయి చూసి రా అని పంపుతున్న మనిషి ఆకారం. ఉరసావా చేతికి ఈ ఒక్క సంగతి దొరికితే ఎనిమిది భాగాలు రాసేవాడు, మనవాళ్లేమో ప్రశ్నపత్రంలో ఒక మార్కు బిట్టుగా అడిగి వదిలేశారు.

ఇంగ్లీషు, జపానీ అంటే భయపడేవాళ్లకు ఒకటి చెబుతా, 'రోబోట్ డ్రీమ్స్', 2023, స్పెయిన్ దర్శకుడు పాబ్లో బెర్గెర్. గంటన్నర పైనే ఉంటుంది, ఒక్క మాట ఉండదు. న్యూయార్క్‌లో ఒంటరిగా ఉండే ఒక కుక్క పోస్టులో రోబోను తెప్పించుకుంటుంది, ఇద్దరూ సముద్రానికి పోతారు, ఉప్పునీళ్లలో ఆడాక రోబో బిగుసుకుపోయి ఇసుకలో లేవలేకుండా పడిపోతుంది, మర్నాటికి బీచ్ మూసేస్తారు, మళ్లీ తెరిచేది వచ్చే వేసవికే. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో మైపాడు చుట్టుపక్కలవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా ఏరేటర్ బోల్టులు చూస్తే చాలు. కుక్క, రోబో కథ అని పిల్లకాయలతో కూర్చుని చూడొచ్చు, వాళ్లు నవ్వుతారు. మధ్యలో విడిపోయిన స్నేహితుడు ఎవరైనా మీకు ఉంటే చివరి పది నిమిషాలు మీ సంగతి మీరు చూసుకోండి.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. 2021 ఐటీ రూల్స్ వచ్చినప్పట్నుంచి ఓటీటీలో ప్రతిదానికీ యు, యూఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఏ అని వయసు గుర్తు వెయ్యాలి, 13 ప్లస్ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం పెట్టుకునే వీలుండాలి. ఆ గుర్తు తెర మీద మూలన రెండు సెకన్లు వచ్చి పోతుంది, ఎవరూ చూడరు. మీరు ఏ సినిమా గురించి రాసినా, ముఖ్యంగా బొమ్మల సినిమా గురించి రాస్తే, పేరు పక్కనే ఆ గుర్తు అచ్చెయ్యండి. ఖర్చు రెండక్షరాలు. రెండోది, పైన చెప్పిన రకం వాటిని సినిమా పేజీలో, హీరోల సినిమాల పక్కనే, మంచి చెడ్డా చెప్పి సమీక్ష రాయించండి. బాగాలేకపోతే తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు, పెద్దవాళ్ల సినిమాను తిట్టినట్టు తిట్టండి చాలు. మూడోది మీ చేతుల్లో పూర్తిగా లేదు గానీ గట్టిగా రాస్తే పని జరగొచ్చు. కొరియా సీరియల్‌కి కూడా తెలుగు మాట పెడుతున్న కంపెనీలు వీటికి కనీసం తెలుగు అక్షరాలన్నా కింద వేయొచ్చు కదా? మా కుర్రోడికి ప్రతిసారీ నేనే పక్కన కూర్చుని చెప్పాల్సి వస్తోంది, ముసలి విద్వాంసుడి గొంతు నాకు సరిగ్గా రావట్లేదని వాడి కంప్లయింటు.

సమీక్ష రాసేవాళ్లు దొరక్కపోతే నేను రాసి పంపిస్తా, డబ్బులేం వద్దు. కాకపోతే వచ్చే వారం గుంటల్లో రొయ్యల పట్టుబడి ఉంది, ఐస్ బండ్లు, కాటాలు, రేటు దగ్గర గొడవలు, అవన్నీ తెమిలాకే కూర్చోగలను. ముందు ఆ పిల్లల జాబితాకు మాత్రం సవరణ ఈ ఆదివారమే వేయండి, సెలవులు ఇంకా అయిపోలేదు.

ఇట్లు
ఒక రొయ్యల రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా